ప్రస్థానపు మూట

టోలిచౌకిలో ప్రయాణమనునది వింత గాదు. జిద్దాకు, రియాదుకు, దుబాయికి పోయినవారి ఇండ్లు అడుగడుగున గల మా వీధిలో, శంషాబాదు పోవు కారు అర్ధరాత్రమున వాకిట నిలిచినను కుక్కలైన మొరుగవు. అయినను, అరువదేండ్లు దాటువరకు మన్యంకొండకును తిరుపతికిని తప్ప దూరమెరుగని నాకు, కుమార్తె పురిటికై ముందే వెళ్ళిన భార్యను కలిసికొనుటకు డల్లాసు పోవలసిన దినము వచ్చినప్పుడు, ఆ కడపటి రోజు కొంత గడబిడగానే గడచెను.

విమానము శనివారము తెల్లవారుజామున నాలుగు గంటలకు. నేను నిశ్చింతగానే యుంటిని గాని, సాగనంపుటకై పాలమూరునుండి వచ్చిన మా అక్క పంచాంగము తిరుగవేసి, సూర్యోదయము కానిదే వారము మారదనియు, కనుక నేను పోవునది శుక్రవారమే యనియు, శుక్రవారమున పడమటికి శూల యనియు తేల్చెను.

"టిక్కెట్టు మీద శనివారమనే ఉన్నది గదనే అక్కా!" అంటిని.

"టిక్కెట్టోనికి పొద్దు ఎప్పుడు పొడుస్తదో ఎర్కనా తమ్మీ?" అనెను. దోహా మీదుగా పోవు విమానము పడమటికి గాక వేరెటు పోవును? నేను నోరు మూసికొంటిని.

ఇట్టి సంకటమునకు పెద్దలు కనిపెట్టిన ఉపాయము ప్రస్థానము. మంచి ఘడియలో ప్రయాణికుని వస్త్రమో ధాన్యమో మూటగట్టి పొరుగింట నుంచినచో అప్పుడే ప్రయాణమారంభమైనట్లు లెక్క. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీ రాత్రి కాశీకని చెన్నపట్టణము విడిచి ఆనాడు చేరినది తండయారువీడులోని తన తోటనే. హైదరాబాదు మీదుగా పోయి, పదునైదు మాసములు సాగిన ఆ మహాయాత్ర సొంత తోటకు పోవుటతో మొదలైనదని తలచినప్పుడు, మా అక్క శాస్త్రము నాకంత వెర్రిగా తోచలేదు.

కావున శుక్రవారము సూర్యుడు పొడమకమునుపే, అనగా పంచాంగపు గురువారము ఇంకను మిగిలియుండగానే, ఒక పంచెయు, నాలుగు పసుపుకొమ్ములును, గుప్పెడు బియ్యమును మూటగట్టుకొని అక్క వీధి దాటెను. ఆ వేళకు తలుపు తెరచియుండు ఇల్లు ఎదురింటి ఆపాదే. ఫజరు నమాజు ముగించి ఆమె వరండాలో కూర్చుండియుండెను. కుమారులిద్దరును ఇరువదేండ్లుగా జిద్దాలో నున్న ఆ తల్లి, మూట యెందుకని యడుగక, అందుకొని గూటిలో నుంచెను.

తక్కిన పగలంతయు పెట్టెల పాలాయెను. ఇరువదిమూడు కిలోల చొప్పున రెండు పెట్టెలు. ఆవకాయ, కందిపొడి, బాలింత కాయము, వెండి ఉగ్గుగిన్నె. ఇవన్నియు ఫోనులో భార్య వ్రాయించిన పట్టీ ప్రకారమే. నావి రెండు చొక్కాలు బయట మిగిలినవి.

సాయంకాలము మేడ యెక్కితిని. పడమట కుతుబ్‌షాహీ గోరీల గుమ్మటములు, నైరుతిన ఔరంగజేబు సేనలను 1687లో ఎనిమిది మాసములు నిలువరించిన గోలకొండ, ఉత్తరమున ఫిలింనగరు గుట్టపై దీపములు. ఆ గుట్టమీద తీయు చిత్రములలో విదేశమేగువాని వీడుకోలు సగము రీలైన నడచును. నాది మాత్రము, నీళ్ళ ట్యాంకు నిండి పొరలుచున్నదని అక్క కేకవేయుటచే, మోటారు ఆపుటకు దిగవలసివచ్చి అంతటితో ముగిసెను.

దీపాలవేళ ఆపా వచ్చెను. ఆకుపచ్చని గుడ్డ పేలికలో ఐదు రూపాయల బిళ్ళ చుట్టి నా కుడి దండకు కట్టెను. ప్రయాణికునికి ఇమాం రజాను జామీనుగా నిలుపు ఈ కట్టును ఇమాం జామిన్ అందురు. "పోంగనే గరీబులకు ఇచ్చెయ్యి భాయి సాబ్," అనెను. అక్క ఆ ముడిని తాకి చూచి, వదులుగా నున్నదని మరల బిగించెను.

అర్ధరాత్రమున పెరుగన్నము తిని, గ్యాసు కట్టి, తాళము వేసితిని. ప్రస్థానపు మూట మరల మా గడప త్రొక్కరాదు గనుక కారు ఎదురింటి వాకిటనే నిలిచెను. మెహదీపట్నమున వంతెన యెక్కి, పదకొండున్నర కిలోమీటర్లు గాలిలో పోయినట్లుగా పోయితిమి.

డల్లాసులో ఐదు రూపాయలు పుచ్చుకొను బీదవాడు దొరకలేదు. ఆరు మాసముల తరువాత తిరిగివచ్చిన మరునాడు, మా వీధి మసీదు మెట్లకడ దానిని చెల్లించితిని.