ఇంటి గడప - కావలి

పరదేశంలో ఉండి కూడా ఇంటి బల్లమీది కంప్యూటర్‌ను తెరచి పని చేసుకోగలగడం ఈ యుగం మనిషికిచ్చిన వరం. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ ప్రొఫెషనల్‌లో ‘రిమోట్ డెస్క్‌టాప్’ పేరుతో ఈ వసతి చేరింది.

బయటినుండి వచ్చే సంకేతాలను కంప్యూటర్‌కు పనికివచ్చే రూపంలోకి మార్చేది మోడెమ్. వాటిని ఇంటిలోని పరికరాలకు పంచేది రౌటర్. సాధారణంగా ఇంటికంతటికీ బయట కనిపించే చిరునామా ఒక్కటే. లోపలి పరికరాలకు 192.168తో మొదలయ్యే చిరునామాలను రౌటరే ఇస్తుంది. అవి లోకానికి కనబడవు. లోపలివారు పిలవనిదే బయటివారు రాలేరు. గడపలో కూర్చున్న కావలివాడు రౌటర్.

అయితే దూరాన ఉన్న యజమానికి కూడా ఆ కావలి అడ్డే. అందుకని కొందరు 3389వ పోర్టును తెరచి ఉంచుతారు. యజమాని వచ్చే దారినే దొంగ కూడా వస్తాడు. 2019లో ‘బ్లూకీప్’ అనే లోపం బయటపడినప్పుడు, పాస్‌వర్డ్ తెలియకుండానే పాత విండోస్ యంత్రాలలోకి చొరబడవచ్చునని తేలింది. 2014లోనే మద్దతు నిలిపివేసిన ఎక్స్‌పీకి సైతం మైక్రోసాఫ్ట్ సంస్థ దిద్దుబాటును విడుదల చేయవలసి వచ్చింది.

కనుక పోర్టు తెరవడంకన్నా రౌటర్‌లో వీపీఎన్ అనే రహస్యమార్గాన్ని ఏర్పరచుకోవడం మేలు. గుర్తింపు నిరూపించుకున్నవారికే అది దారి ఇస్తుంది. రౌటర్‌తో వచ్చిన పాస్‌వర్డ్‌ను మార్చకపోవడం దొంగచేతికి తాళంచెవి ఇవ్వడమే. ఇంటి లెక్కలు, పిల్లల ఫొటోలు ఆ గడప లోపలే ఉన్నాయి. సౌకర్యాన్ని కోరేవారు కావలి బాధ్యతను కూడా స్వీకరించాలి.