సొంత గుమ్మంలో కూలిన జనరల్

1899 జూన్ 5న ఫిలిప్పీన్స్‌లోని కబనతువాన్ ఊళ్లో చర్చిని ఆనుకుని ఉన్న మఠానికి జనరల్ ఆంటోనియో లూనా వచ్చాడు. అధ్యక్షుడు అగినాల్డో రమ్మన్నాడని టెలిగ్రాం. తీరా వచ్చి చూస్తే అధ్యక్షుడు ఊళ్లోనే లేడు. ఉన్నది ఫెలిపె బుయెంకమినో, లూనాకి బద్ధవిరోధి అయిన మంత్రి. ఇద్దరికీ మాటామాటా పెరుగుతుండగా కింద తుపాకి పేలింది. ఎవరది అంటూ మెట్లు దిగిన మనిషి మీద కావిట్ దళం సైనికులు కత్తులతో పడ్డారు. కలోవొకన్ యుద్ధంలో తన మాట వినలేదని లూనా ఆయుధాలు లాక్కున్న దళం అదే. పొడుస్తుంటే, కాలుస్తుంటే బయటి దాకా నడిచివచ్చి అక్కడే కూలిపోయాడు. అప్పటికి ఆయనకు 32 ఏళ్లు. అమెరికాతో యుద్ధం మొదలై నాలుగు నెలలు.

ఈ కథనే జెరోల్డ్ తరోగ్ అనే దర్శకుడు ‘హెనెరల్ లూనా’ పేరుతో సినిమాగా తీశాడు. 2015 సెప్టెంబరులో విడుదలైంది. మొదటి వారం జనం పలచగా ఉండటంతో చాలా హాళ్లలోంచి తీసేశారు. చూసినవాళ్లు ఊరుకోలేదు. సోషల్ మీడియాలో ఒకరికొకరు చెప్పుకుని, హాళ్లవాళ్ల వెంటపడి మళ్లీ ఆడించుకున్నారు. మనీలాలో మా ఆఫీసులో నా పక్క సీటు అమ్మాయి ఆ గొడవలో తలమునకలై ఉండేది. ఇక్కడ అక్కని ‘ఆతె’ అంటారు. “ఆతె, ఈ వారం దాటితే ఉంటుందో ఉండదో, ఇవాళే వెళ్దాం రండి” అని లాక్కుపోయింది.

మనీలా హాళ్లలో సినిమాకి ముందు జాతీయగీతం వస్తుంది. అందరూ లేచి కుడిచెయ్యి గుండెమీద పెట్టుకుని నిలబడతారు. ఆ గీతానికి మూలమైన కవిత 1899లో మొదట అచ్చయింది ‘లా ఇండిపెండెన్సియా’ పత్రికలో. ఆ పత్రిక పెట్టింది లూనాయే. ఆయన పెట్టిన పత్రికలోంచి వచ్చిన పాటకి లేచి నిలబడి, కూర్చుని, ఆయన్ని సొంతవాళ్లే నరుకుతుంటే చూశాం మేమంతా.

లూనా పుట్టుకతో సైనికుడు కాడు. మనీలాలో బినోండో పేటలో పుట్టి, స్పెయిన్‌లో ఫార్మసీ చదివి డాక్టరేట్ తెచ్చుకున్నాడు. మలేరియా మీద పరిశోధన చేశాడు. అన్న హువాన్ లూనా పేరుమోసిన చిత్రకారుడు. అప్పటిదాకా దేశాన్నేలిన స్పెయిన్ 1898 ఆగస్టులో మనీలా నగరాన్ని అమెరికాకి అప్పగించింది. ఫిలిపినో సేనల్ని ఊళ్లోకి రానివ్వకుండా ముందే మాట్లాడుకుని ఆడిన ఉత్తుత్తి యుద్ధం అది. డిసెంబరులో పారిస్ ఒప్పందం కింద రెండు కోట్ల డాలర్లకి దేశం మొత్తం చేతులు మారింది. సినిమా మొదట్లోనే మంత్రివర్గ సమావేశం వస్తుంది. అమెరికన్లతో సర్దుకుపోతే వ్యాపారం బాగుంటుందని పెద్దమనుషులు చెబుతుంటారు. లూనాగా వేసిన జాన్ అర్సిల్యా వాళ్ల మీద విరుచుకుపడతాడు. ఆ సభలో ప్రధానమంత్రి అపోలినారియో మబీని కుర్చీలోంచి కదలకుండా అన్నీ వింటూ ఉంటాడు. పోలియో వల్ల ఆయనకి కాళ్లు పడిపోయాయి. సినిమా చూసిన కొందరు విద్యార్థులు మబీని ఎందుకు ఎప్పుడూ కూర్చునే ఉంటాడని అడిగారట. ఆ మాట దేశమంతా పాకింది. బడుల్లో చరిత్ర ఎలా చెబుతున్నామని పెద్దలు తలలు పట్టుకున్నారు. నాకు మాత్రం ఆ పిల్లల మీద కోపం రాలేదు. అడిగారు కదా, అదే చాలు.

లూనాని దేవుణ్ణి చెయ్యకపోవటం ఈ సినిమాలో నాకు బాగా నచ్చింది. ఆయన కోపం కార్చిచ్చు. ఆజ్ఞ మీరినవాణ్ణి విచారణ లేకుండా కాల్చేయవచ్చని ఉత్తర్వు ఇచ్చాడు. 1899 ఏప్రిల్‌లో అమెరికన్లు బాగ్‌బాగ్ నది దాకా వచ్చేశారు. అదే సమయంలో జనరల్ మస్కార్దో సైన్యం పంపనన్నాడు. అతన్ని దారికి తేవాలని లూనా ముందువరసలోంచి కొంత బలగాన్ని తీసుకుని గ్వాగ్వా వైపు బయల్దేరాడు. ఆయన తిరిగొచ్చేసరికి నది దగ్గర రక్షణ వరస తెగిపోయింది. శత్రువు ఎదురుగా ఉండగా ఇంట్లోవాడితో పంతానికి పోయి చేజార్చుకున్న పోరు అది. తరోగ్ దాన్ని దాచలేదు. ఆ తప్పు చూశాక కూడా లూనా మీద నాకు ప్రేమ తగ్గలేదు.

నేను ‘అల్లూరి సీతారామరాజు’ సినిమా చూస్తూ పెరిగిన మనిషిని. అందులో ఏడుపొచ్చినా గుండెకి ఒక ఊరట ఉంటుంది: చంపింది తెల్లవాడు. లూనా దగ్గర ఆ ఊరట దొరకదు. హాలు బయటికి వచ్చాక తిట్టుకోడానికి పరాయివాడు లేడు.

‘హెనెరల్ లూనా’ వచ్చిన ఏడాదే, అక్టోబరులో మన ‘రుద్రమదేవి’ వచ్చింది. ఇక్కడి తెలుగువాళ్లం ఎదురుచూసి మరీ చూశాం. రుద్రమ 1289లో మరణించిందని నల్గొండ జిల్లా చందుపట్ల శాసనం చెబుతుంది. ఆమెని చంపింది పరాయి రాజు కాదు, తిరగబడిన కాయస్థ సామంతుడు అంబదేవుడేనని చరిత్రకారులు చాలామంది అంటారు. వయసు మళ్లిన రాణి, ఎదురుగా నిన్నటిదాకా తన కింద పనిచేసినవాడు! మన సినిమా అంతదూరం వెళ్లలేదు, గెలుపు దగ్గరే ఆగింది. గెలుపు చూపించటం తప్పని అనను. కానీ ఆ ముసలిరాణి చివరి యుద్ధాన్ని తెలుగులో ఎవరైనా తీస్తే బాగుండునని లూనా చూసిన రోజు నుంచీ గట్టిగా కోరుకుంటున్నాను.

ఇక హత్య తర్వాతి దృశ్యం. లూనానీ ఆయనతో పాటు చనిపోయిన కర్నల్ పాకో రోమన్‌నీ సైనికులు నేలమీద ఈడ్చుకుపోతారు. ఒక్క క్షణం ఫ్రేము నిలిచినట్టు ఉంటుంది. వంగిన నడుములు, చాచిన చేతులు, వేలాడే తలలు. హాల్లో ఎవరో “స్పోలియారియం!” అన్నారు. ఓడిపోయిన రోమన్ గ్లాడియేటర్ల శవాలని ఈడ్చుకెళ్తున్నట్టు అన్న హువాన్ గీసిన బొమ్మ అది. 1884లో మాడ్రిడ్‌లో బంగారు పతకం తెచ్చుకుంది. అన్న గీసిన బొమ్మలో తమ్ముడి శవాన్ని పడుకోబెట్టాడు దర్శకుడు. దాదాపు ఏడున్నర మీటర్ల వెడల్పున్న ఆ చిత్రం మనీలా నేషనల్ మ్యూజియంలో ఉంది. ప్రవేశం ఉచితం. దవావోలో, లాస్ పిన్యాస్‌లో మెడిసిన్ చదివే మన పిల్లలు ఇంటికి వస్తే ముందు సినిమా చూపించి, తర్వాత అక్కడికి తీసుకెళ్తాను. “అక్కా, ఇక్కడికొచ్చి ఇన్నాళ్లయింది, మాకెవరూ చెప్పలేదే” అంటారు.

ఆ హత్యకి ఎవరికీ శిక్ష పడలేదు. తాను ఆజ్ఞ ఇవ్వలేదనే అగినాల్డో చెప్పాడు. 1901 మార్చిలో అమెరికన్లకి పట్టుబడి, విధేయత ప్రమాణం చేసి, 1964 దాకా బతికాడు. ఈ దేశపు సైన్యం ప్రధాన కేంద్రానికి ఆయన పేరే. ఎడ్సా రోడ్డు మీద రోజూ ఆ గేటు ముందు నుంచే నా బస్సు వెళ్తుంది. ఆ రోడ్డు ఎవరి పేరు మీద ఉందో ఆ ఎపిఫానియో డె లోస్ సాంతోస్, లూనా పత్రికలో పనిచేసినవాడు.

నన్ను సినిమాకి తీసుకెళ్లిన అమ్మాయిది కవీతె, అగినాల్డో సొంత జిల్లా. 1898 జూన్ 12న స్వాతంత్ర్యం ప్రకటించిన ఇల్లు అక్కడి కావిట్‌లోనే ఉంది. “బడి నుంచి మమ్మల్ని ఆ ఇంటికి తీసుకెళ్లి జెండా ఎగరేసిన చోటు చూపించారు, ఆతె. కబనతువాన్ సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు” అంది. మర్నాడు వాళ్ల నాన్నని సినిమాకి తీసుకెళ్లింది. ఆయన అగినాల్డో పక్షం. దేశం పుట్టీపుట్టకముందే ఇద్దరు అధికారం చెలాయిస్తే ఎలా అని కూతురితో వాదించాడట. ఆమె ఒప్పుకోలేదు. లూనాకి ముందే, 1897లో విప్లవ నాయకుడు బొనిఫాసియోని కూడా అగినాల్డో ప్రభుత్వమే చంపించింది కదా, ఆయన ఏ సైన్యానికి ఎదురెళ్లాడని అడిగిందట. ఆ వాదన ఇంకా తెగలేదు. మూడేళ్ల తర్వాత ఇదే దర్శకుడు కుర్ర జనరల్ గ్రెగోరియో దెల్ పిలార్ మీద ‘గోయో’ తీస్తే, తండ్రీకూతుళ్లిద్దరూ మొదటి రోజే టికెట్లు కొన్నారు.