ఆగండి సార్, బకిల్ చూడాలి

మొన్నామధ్య మా టీమ్ అంతా కలిసి గచ్చిబౌలి వైపు ఒక క్లైంబింగ్ జిమ్‌కి వెళ్ళాం. మూణ్ణెల్లకోసారి టీమ్ ఔటింగ్ అని కంపెనీ డబ్బులిస్తుంది కదా, ప్రతిసారీ బౌలింగూ బిర్యానీయేనా అని ఎవరో ఈసారి గోడలెక్కుదామన్నారు. నేను లోపల్లోపల నవ్వుకున్నా. ఎందుకంటే మాది నల్లగొండ జిల్లా, చిట్యాల దాటి లోపలికి పోతే వచ్చే ఒక పల్లె. మా నాయిన గీత కార్మికుడు. 35 ఏళ్ళుగా పొద్దునా సాయంత్రం తాటిచెట్లు ఎక్కుతున్నాడు. ఎక్కడం మా ఇంటి విద్య, దానికి మళ్ళీ టికెట్టు కొనాలా అని నా ధీమా. (నేను ఎక్కిన అతి పెద్ద చెట్టు మా పెరట్లో జామచెట్టు అన్న సంగతి టీమ్‌లో ఎవరికీ చెప్పలేదు.)

ఆ ధీమా రిసెప్షన్ దగ్గరే సగం పోయింది. ముందు మూడు పేజీల ఫారం. "ఇది ప్రమాదకరమైన ఆట అని నాకు తెలుసు, ఏం జరిగినా బాధ్యత నాదే" అని సంతకం పెట్టాలి. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లలైతే అమ్మానాన్నల సంతకం. తర్వాత గోడ మీద పెద్ద బోర్డు. ఎక్కేవాళ్ళ కింద నిలబడకూడదు. పసుపు గీత దాటి సంచులూ నీళ్ళ సీసాలూ పెట్టకూడదు. వట్టి కాళ్ళతో ఎక్కకూడదు. చూడ్డానికి వచ్చినవాళ్ళు గీత ఇవతలే కూర్చోవాలి. తాడు పట్టే పరీక్ష పాసవకుండా ఎవరికీ తాడు పట్టకూడదు.

ఈ తాడు పట్టడాన్ని బిలే అంటారు. పైకెక్కేవాడి నడుముకి కట్టిన తాడు పైన కొక్కెం గుండా కిందకి వచ్చి, కింద నిలబడ్డవాడి బెల్టుకున్న చిన్న పరికరంలోంచి పోతుంది. పైవాడు జారితే కిందవాడు ఆపాలి. ఒక చెయ్యి ఎప్పుడూ తాడు మీదే ఉండాలి, ముక్కు దురద పెట్టినా సరే. నాకు ఆ ముక్కే కొంప ముంచింది. "సార్, మీరు ఫెయిల్. పది నిమిషాలాగి మళ్ళీ ట్రై చేయండి" అన్నాడు పరీక్ష పెట్టిన కుర్రాడు. ఇంజనీరింగ్‌లో ఒక్క బ్యాక్‌లాగ్ కూడా లేని నన్ను!

ఆ కుర్రాడికి ఇరవై రెండేళ్ళుంటాయేమో. మాటలో యాస పట్టుకుని అడిగితే భువనగిరి పక్కన ఊరన్నాడు. కోట గుట్ట మీద నేర్చుకున్నాడట. భువనగిరి గుట్ట గురించి మనవాళ్ళలో చాలామందికి తెలీదు. ఆ ఏకశిల మీద రాక్ క్లైంబింగ్ నేర్పే స్కూలుంది. మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కారే, వాళ్ళ మొదటి పాఠాలు అక్కడే, శేఖర్ బాబు బాచినేపల్లి దగ్గర. అప్పటికి పూర్ణకి పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు. భువనగిరి అప్పుడు మా నల్లగొండ జిల్లాలోనే ఉండేది, 2016లో విడిపోయింది. అయినా మావాళ్ళే అని చెప్పుకుంటాం లెండి.

సరే, అసలు విషయానికొస్తా. మా మేనేజర్ అమెరికాలో ఆరేళ్ళుండి వచ్చినాయన, అక్కడ ఈ గోడలు బాగా ఎక్కేవాడట. పరీక్ష ఇట్టే పాసైపోయి, తాడు కట్టుకుని గోడ మీద చెయ్యి వేశాడు. ఆ కుర్రాడు వెనకనుంచి "ఆగండి సార్, బకిల్ చూడాలి" అన్నాడు. మా మేనేజర్ "నాకు తెలుసు బాబూ" అన్నాడు. "తెలుసు సార్, అయినా చూడాలి." చూశాడు. ముడి చూశాడు, బకిల్ లాగి చూశాడు, కింద తాడు పట్టినవాడి కొక్కేనికి తాళం పడిందో లేదో చూశాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. "వెళ్ళండి సార్" అన్నాడు. అంతే.

కాసేపటికి పైన ఒక పట్టు వదులైందని బిగించడానికి ఆ కుర్రాడే ఎక్కాల్సి వచ్చింది. తాడు కట్టుకుని, దగ్గర్లో ఉన్న నా వైపు తిరిగి "నాది కూడా చూడండి సార్" అన్నాడు. అప్పుడే ఫెయిలై కూర్చున్న నన్ను! స్టాఫ్‌కి కూడా అదే రూలట. ముడి ఎవరిదైనా రెండో మనిషి కన్ను పడాలి.

ఇంటికొచ్చాక దీని గురించి చదివా. లిన్ హిల్ అని అమెరికా ఆవిడ, ప్రపంచంలోనే పేరుమోసిన క్లైంబర్. 1989లో ఫ్రాన్స్‌లోని బ్యూ అనే చోట ముడి సగంలో వదిలేసి, పూర్తి చేయడం మర్చిపోయి ఎక్కేసింది. పైదాకా బాగానే వెళ్ళి, దిగుదామని తాడు మీద బరువు వేసేసరికి ముడి ఊడి 70 అడుగుల పైనుంచి పడింది. చెట్టు అడ్డుపడి బతికింది. ఆవిడకి ముడి వేయడం రాకనా? కొన్ని వేలసార్లు వేసి ఉంటుంది. అందుకే మర్చిపోయింది. కొత్తవాడు భయంతో రెండుసార్లు చూసుకుంటాడు, బాగా వచ్చినవాడికే ఆ భయం పోతుంది. శుక్రవారం సాయంత్రం రివ్యూ లేకుండా "చిన్న మార్పే కదా" అని ప్రొడక్షన్‌లోకి తోసేసేది ఫ్రెషర్లా, సీనియర్లా? నేను ఒకసారి తోశా కాబట్టి అడుగుతున్నా. :)

తర్వాతి నెల నాయిన కంటి పరీక్షకి హైదరాబాద్ వచ్చాడు. ఆదివారం ఆయన్ని ఆ జిమ్‌కి తీసుకెళ్ళా. వట్టికాళ్ళతో ఎక్కనివ్వరంటే పగలబడి నవ్వాడు. "చెప్పులేసుకోని ఎక్కుతార్రా ఎవరన్న?" అని. అద్దె బూట్లు వద్దన్నాడు, ఫారం వద్దన్నాడు, పసుపు గీత ఇవతల బెంచీ మీద కూర్చుని గంటసేపు చూశాడు. 50, 60 అడుగుల తాటిచెట్లు రోజూ ఎక్కే మనిషిని అక్కడ విజిటర్‌గా కూర్చోబెట్టడం నాకే ఏదోలా అనిపించింది. ఆయన మాత్రం ఆ కుర్రాడినే గమనిస్తున్నాడు. పోయేముందు పిలిచి అడిగాడు.

"నువ్వు ఆగుమంటె గింత పెద్ద పెద్దోళ్ళు ఊకుంటరా బిడ్డా?"

"ఊకోకుంటె పైసలు వాపస్ ఇచ్చి ఇంటికి పంపుమన్నరు కాకా. మా ఓనరే చెప్పిండు. నన్నేమనరు."

నాయిన బస్సులో చాలాసేపు మాట్లాడలేదు. ఉప్పల్ దాటాక అన్నాడు, "మాకు గట్ల ఆగుమనేటోడు లేడురా."

ఎవరి గురించో నాకు అర్థమైంది. 2016 ఎండాకాలంలో మా చిన్నాయిన చెట్టు మీంచి పడి పోయాడు. ముందురోజు రాత్రి అకాల వాన పడింది, చెట్టు తడిగా ఉంది, మోకు జారింది. తెలియక ఎక్కాడా? కాదు. తాటిగెలని రోజూ చెక్కాలి. వదిలేస్తే గెల ఎండిపోయి కల్లు ఆగిపోతుంది. ఆరోజు ఎక్కకపోతే ఆ చెట్టు మీద వచ్చే డబ్బులు పోయినట్టే. ఆ నష్టం ఎవరిది? పూర్తిగా ఆయనదే. అందుకని ఎక్కాడు.

2024 జులైలో ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో గీత కార్మికులకి కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ప్రారంభించారు. బెల్టూ తాళ్ళూ ఉంటాయి, జిమ్‌లో చూసిన సామానుకి దగ్గరి చుట్టమే. నాయినకీ వచ్చింది. ఇంట్లో మేకుకి వేలాడుతోంది. ఎందుకు వేసుకోవంటే, ఒక్కో చెట్టుకి మోకుతో పట్టే టైముకి రెట్టింపు పడుతుందంటాడు. రోజుకి రెండుపూటలా అన్ని చెట్లు, ఎండెక్కేలోపు దిగాలి. నేను ఫోన్‌లో కోప్పడేవాణ్ణి. "ప్రాణం నీది, నువ్వే చూసుకోవాలి" అని.

జిమ్‌కి వెళ్ళొచ్చాక నా మాటలు నాకే ఆ మూడు పేజీల ఫారంలా వినిపించాయి. ఆ ఫారం కాపాడేది జిమ్ ఓనర్ని. ఎక్కేవాణ్ణి కాపాడేది ఆ కుర్రాడు "ఆగండి" అనడం, అన్నందుకు అతని ఉద్యోగం పోకపోవడం, ఆగినందువల్ల వచ్చే నష్టం ఓనర్ భరించడం. ఈ మూడూ లేకుండా కిట్టు ఒక్కటి ఇస్తే, అందరి లాప్‌టాప్‌లో మంచి టూల్ వేసి రివ్యూలు మాత్రం ఎత్తేసినట్టే ఉంటుంది. టూల్ చెడ్డదని కాదు, కిట్టు చాలా మంచిదే. కానీ డెడ్‌లైన్ ఉన్నరోజు ఎవడూ దాన్ని తెరవడు.

అందుకే నాయినతో ఇప్పుడు వేరే విషయం మాట్లాడుతున్నా. ఊళ్ళో గీత సహకార సంఘం ఉంది కదా. ఇద్దరిద్దరుగా వనానికి పోవాలని, ఒకరి బెల్టు ఒకరు చూడాలని సంఘమే రూలు పెట్టొచ్చు కదా? వాన పడ్డ మర్నాడు ఎక్కొద్దని సంఘం పెద్దమనిషి చెప్తే, ఆరోజు నష్టం అందరూ పంచుకోవచ్చు కదా? నాయిన "మాట్లాడి చూస్త" అన్నాడు. సంఘంలో ఇలాంటివి ఎంత తొందరగా తేలతాయో నాకు తెలుసు, మా ఆఫీసులో ప్రాసెస్ మార్పులు చూస్తున్నా కాబట్టి.

పోయిన ఆదివారం ఊరికి వెళ్ళా. పొద్దున్నే నాయినతో వనంలోకి పోయా. నా పోరు పడలేక ఒక చెట్టుకి కిట్టు వేసుకున్నాడు. చెట్టు మీద చెయ్యి వేసి ఆగి, "చూడు మరి బకిలు" అన్నాడు. లాగి చూశా. సరిగ్గానే ఉంది.

మిగతా చెట్లన్నీ మోకుతోనే ఎక్కాడు. సోమవారం నేను ఆఫీసుకి రావాలి కదా.

మీ ఊళ్ళో ఎక్కడైనా గీత సంఘం ఇలాంటి రూలు పెట్టి ఉంటే, అది నడుస్తుంటే, దయచేసి చెప్పండి. నాయినకి చూపిస్తా.