ఒక్క సెకను ఎర్ర దీపం

నేను చదివింది మెకానికల్, రాసేది జావా. మీలో సగం మందిది ఇదే కథ కాబట్టి దాని గురించి ఎక్కువ ఏడవను. ఇంజనీరింగులో మెషిన్ డిజైన్ పరీక్షకి జర్నల్ బేరింగ్ లెక్క ఒకటి వచ్చింది. డేటా బుక్ తిరగేసి, సోమర్‌ఫెల్డ్ నంబరు కట్టి, మార్కులు తెచ్చుకుని ఆ సాయంత్రమే మర్చిపోయాను. మళ్ళీ అది గుర్తొచ్చింది 2023 అక్టోబరులో, ఉత్తర కాలిఫోర్నియాలో థండర్‌హిల్ రేస్ ట్రాక్ మీద, ఇంజిన్ లోపల ఎవరో సుత్తితో కొడుతున్నట్టు చప్పుడు మొదలైనప్పుడు.

ఆఫీసులో నలుగురం చందాలేసుకుని ఒక పాత కారు కొన్నాం. ఏ కంపెనీదో చెప్పను, పాపం కారు తప్పేమీ లేదు. సీట్లూ కార్పెట్లూ పీకేసి, రోల్ కేజ్ వెల్డింగ్ చేయించి, మంచి టైర్లు వేసి, మాలాంటి ఔత్సాహికులు వంతులవారీగా నడిపే ఎండ్యూరెన్స్ రేసులో దిగాం. థండర్‌హిల్ ఉండేది విల్లోస్ అనే చిన్న ఊరి దగ్గర. చుట్టుపక్కలంతా వరి పొలాలు, కాసేపు మన గోదావరి జిల్లాలో ఉన్నామేమో అనిపిస్తుంది. ట్రాక్‌లో రెండో మలుపు పొడవాటి ఎడమ మలుపు. దాదాపు యూ టర్న్ అంత తిరుగుతుంది, తిరుగుతూనే ఉంటుంది. మా చావంతా అక్కడే వచ్చింది.

మామూలు కార్లలో ఆయిలంతా ఇంజిన్ అడుగున పళ్ళెం లాంటి పాన్‌లో ఉంటుంది. దాంట్లో మునిగి ఉన్న పికప్ గొట్టం ద్వారా పంపు దాన్ని లాగుతుంది. మలుపులో పక్కకి ఒక జీ బలం తగిలితే ఆయిల్ ఉపరితలం 45 డిగ్రీలు వాలిపోతుంది. గ్లాసు అంత వాల్చి, మజ్జిగ ఒక పక్కకి పోయాక స్ట్రా రెండో పక్కన పెట్టి పీల్చి చూడండి, గాలే వస్తుంది. దానికి తోడు ఎక్కువ ఆర్పీఎంలో పైకి ఎక్కిన ఆయిల్ సిలిండర్ హెడ్‌లోంచి అంత తొందరగా కిందకి దిగదు. రోడ్డు మీద ఇంత గట్టిగా, ఇంతసేపు ఎవరూ తిప్పరు కాబట్టి ఈ బాధ తెలియదు.

పంపు గాలి పీలిస్తే ఏమవుతుంది? క్రాంక్ జర్నల్‌కీ బేరింగ్‌కీ మధ్య ఉండే సందు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. తిరిగే క్రాంక్ ఆ సందులో ఆయిల్ పొర మీద తేలుతుంటుంది, లోహం లోహాన్ని తాకదు. నేను పరీక్షలో కట్టిన లెక్క ఇదే! పొర తెగిందా, మెత్తటి బేరింగ్ పూత గీరుకుపోతుంది. ఒక్కసారికి ఏమీ కాకపోవచ్చు. కానీ ప్రతి ల్యాప్‌లోనూ కాస్త కాస్త అరుగుతూ పోతుంది.

నా వంతు మూడోది. రెండో మలుపు చివర్లో డాష్‌బోర్డు మీద ఎర్ర దీపం ఒక్క సెకను మెరిసి ఆరిపోయింది. వైర్ లూజేమో అనుకున్నాను. అసలా దీపం వెలిగేదే ప్రెషర్ పది పీఎస్‌ఐ కంటే కిందకి పడ్డాక, అంటే అప్పటికే ఆలస్యం అయిపోయాక. తర్వాతి ల్యాప్‌లో మళ్ళీ మెరిసింది. పిట్‌లోకి రావాలి. కానీ ముందున్న పసుప్పచ్చ కారుని ఇంకో మలుపులో దాటేస్తానన్న ఆశ... మూడోసారి మెరిశాక చప్పుడు మొదలైంది.

పిట్‌లో "ఏమైందన్నా?" అని అడిగితే, "ఏమో, ఉన్నట్టుండి పోయింది" అన్నాను.

ఆ రోజు పొద్దున డిప్‌స్టిక్ చూసింది మాలో అందరికంటే చిన్నవాడు, గుంటూరు కుర్రాడు. "నేను ఆయిల్ సరిగా చూడలేదేమో అన్నా" అని దారంతా అంటూనే ఉన్నాడు. నేను స్టీరింగు పట్టుకుని ఊరుకున్నాను.

తర్వాతి వారం డేటా లాగర్ తెరిచాను. ల్యాప్ సగటు ప్రెషర్ ప్రతిసారీ 58 పీఎస్‌ఐ, బ్రహ్మాండం. ఆఫీసులో ఎవరైనా లేటెన్సీ సగటు చూపిస్తే "పీ99 ఏదీ?" అని నిలదీసేది నేనే :) సెకనుకి పది రీడింగులున్న ముడి ఫైలు తీసి, ప్రెషర్ పక్కన పక్కబలం గీత గీస్తే, మొదటి డ్రైవరు మొదటి ల్యాప్ నుంచే రెండో మలుపులో గొయ్యి కనిపించింది. పొద్దున లెవెల్ సరిగానే ఉంది. లోపం పాన్‌లో ఉంది, దాన్ని పట్టించుకోనిది మేం. చివరి మూడు గోతులు మాత్రం నావి.

ఇప్పుడు ఇంకో ఇంజిన్ దొరికింది. పికప్ చుట్టూ గదుల్లాంటి బ్యాఫిల్స్ పెట్టిన పాన్ వేస్తున్నాం. వాటి చిన్న తలుపులు లోపలికే తెరుచుకుంటాయి, మలుపులో ఆయిల్ బయటికి పారిపోకుండా. మొత్తం ఖర్చులో ఎక్కువ ఫలితం దీనిదే. లెవెల్ గీత కంటే అర క్వార్ట్ ఎక్కువ పోస్తాం. మరీ ఎక్కువైతే క్రాంక్ చిలికి నురగ చేస్తుంది, అదింకో చావు. అక్యుసంప్ కూడా కొన్నాం. అది పిస్టన్ ఉన్న సిలిండర్, ఒక పక్క గాలి, ఒక పక్క ఆయిల్. ప్రెషర్ పడగానే దాచుకున్న ఆయిల్ కొన్ని సెకన్లపాటు బేరింగుల్లోకి తోస్తుంది. ఆయిల్ని వేరే ట్యాంకులో ఉంచే డ్రై సంప్ అన్నిటికంటే మంచిది కానీ, దాని ధరకి మా కారు లాంటివి రెండు వస్తాయి. ఇక దీపం... 25 పీఎస్‌ఐకే వెలిగే స్విచ్‌తో, నిమ్మకాయంత దీపం సరిగ్గా కళ్ళ ముందు పెట్టాను. అది వెలిగితే ఎవరైనా సరే, ఏ పొజిషన్‌లో ఉన్నా సరే, ఇంజిన్ ఆపెయ్యాలని రూలు రాశాం. రాసింది నేనే, ఎందుకని ఎవరూ అడగలేదు.

ఆ ముగ్గురూ ఈ టపా చదువుతారు. తమ్ముడూ, నువ్వు ఆయిల్ సరిగానే చూశావు. దీపం మూడుసార్లు వెలిగింది, నేను చూశాను. శనివారం పాన్ బిగించడానికి వస్తావుగా, ఇంజిన్ ఖర్చులో నీ వాటా అప్పుడు తిరిగిచ్చేస్తాను.