దీవికి చుట్టాలుగా వెళ్దామా?

బాలలారా! వేసవి సెలవులు ఇవ్వగానే ప్రతి ఇంట్లోనూ పుట్టే మొదటి ప్రశ్న, "ఈసారి ఎక్కడికి పోదాం?" అన్నదే గదా! కొండలకు పోదామని అన్నయ్య అంటాడు. అమ్మమ్మగారి ఊరికి పోదామని చెల్లాయి పేచీ పెడుతుంది. ఈసారి మనం నెల్లూరు సముద్రతీరానికి పోదాం. అక్కడి దీవులను చూద్దాం. ఎక్కడ బస చేయవచ్చునో, ఎక్కడ చేయరాదో తెలుసుకుందాం. దీవికి వెళ్లిన చుట్టం ఎలా మసలుకోవాలో కూడా తెలుసుకుందాం. ఇది అన్నిటికంటె ముఖ్యం.

ముందుగా పటం తీయండి. నెల్లూరుకు తూర్పున తోటపల్లి గూడూరు కనిపిస్తుంది. ఆ మండలంలోనే కోడూరు సముద్రతీరం ఉన్నది. తీరానికి కొంచెం లోపలగా, సముద్రానికి తోడుగా నడుస్తున్నట్టు ఒక సన్నని నీలిగీత కనిపిస్తుంది చూడండి. అది బకింగ్‌హాం కాలువ. ఇప్పుడు మీ వేలితో ఈ నేలను చుట్టి రండి. తూర్పున బంగాళాఖాతం. ఉత్తరాన పెన్నానది సముద్రంలో కలిసే చోటు. దక్షిణాన కృష్ణపట్నం దగ్గర కండలేరు ఉప్పుటేరు. పడమర బకింగ్‌హాం కాలువ. నాలుగు వైపులా నీరున్న భూభాగాన్ని ఏమంటారని మీ పంతులుగారు అడిగితే ఏం చెబుతారు? అవును, దీవి! మూడు వైపులా నీటిని ప్రకృతి పెట్టింది. నాలుగో వైపు మనిషి తవ్వుకున్నాడు.

ఈ కాలువకు పెద్ద కథ ఉన్నది. 1806లో మద్రాసు దగ్గర దీనిని తవ్వడం మొదలుపెట్టారు. తరువాత తీరం వెంట ఉత్తరానికీ దక్షిణానికీ పొడిగించుకుంటూ పోయారు. 1877-78 నాటి ఘోరమైన కరవులో, తిండిలేని జనానికి పని కల్పించడం కోసం మద్రాసు నగరంలో ఒక భాగం తవ్వించారు. అప్పటి గవర్నరైన బకింగ్‌హాం ప్రభువు పేరే కాలువకు స్థిరపడింది. పూర్వం ధాన్యం, ఉప్పు, వంటచెరకు ఈ కాలువ మీద పడవల్లో మద్రాసుకు పోయేవి. ఇప్పుడా పడవలు లేవు.

ఇక మనిషి తవ్వని అసలైన దీవిని చూడాలంటే ఇంకా దక్షిణానికి పోవాలి. అక్కడ ఒక పక్క బంగాళాఖాతం, ఒక పక్క పులికాట్ సరస్సు. నడుమ పొడవైన ఇసుక దీవి. అదే శ్రీహరికోట. ఒకప్పుడు అదంతా అడవి. యానాదులు ఆ అడవిలో తేనె, మూలికలు సేకరించుకుని బ్రతికేవారు. 1971 అక్టోబరు 9న అక్కడినుంచి మొదటి రోహిణి రాకెట్టు ఎగిరింది. 2023 జూలై 14న చంద్రయాన్-3 బయలుదేరినదీ అక్కడినుంచే.

మండు వేసవిలో సముద్రతీరానికి ఎందుకు పోవాలి? నెల్లూరు ఎండలు తెలిసినవారు ఈ మాట తప్పక అడుగుతారు. జవాబు గాలిలో ఉన్నది. ఎండకు నేల త్వరగా కాగుతుంది, నీరు నెమ్మదిగా కాగుతుంది. కాగిన నేల మీది గాలి తేలికై పైకి పోతుంది. ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లగాలి వచ్చి చేరుతుంది. అందుచేత మధ్యాహ్నం ఊళ్లో వడగాలి కొడుతుంటే, తీరాన సరుగుడు తోపులు ఈలలు వేస్తూ ఉంటాయి. తాటిముంజలు కూడా ఆ రోజుల్లోనే దొరుకుతాయి.

అయితే ఎక్కడ ఉండాలి? కోడూరు తీరం చూడాలంటే నెల్లూరులో దిగి, తెల్లవారుజామున బయలుదేరి వెళ్లి రావచ్చు. కొంచెం ఉత్తరాన ఉన్న మైపాడు తీరంలో పర్యాటకుల కోసం కట్టిన విడుదులు ఉన్నవి. శ్రీహరికోటలో మాత్రం యాత్రికులు బస చేయడానికి వీలులేదు. గూడూరునుంచి చెన్నై పోయే రైలుమార్గం మీద సూళ్లూరుపేట ఉన్నది. అక్కడ దిగి సరస్సు మీద వేసిన దారిలో పోవాలి. రాకెట్టు ఎగరడాన్ని చూడడానికి 2019లో ప్రజలకోసం ఒక వేదిక తెరిచారు. ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. పులికాట్ సరస్సులో ఇరకం అనే దీవి కూడా ఉన్నది. భీమునివారిపాలెం రేవునుంచి పడవలో పోతారు. ఉదయం వెళ్లి పొద్దుగూకేలోగా తిరిగి రావడం మంచిది. ఒక సంగతి గుర్తుంచుకోండి. ఫ్లెమింగో కొంగలను చూడాలంటే చలికాలంలోనే పోవాలి. వేసవిలో సరస్సు చాలామేరకు ఎండి, ఉప్పు పేరిన బురదనేల బయటపడుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. చుట్టూ సముద్రం, పక్కన ఉప్పుటేరు. మరి అక్కడివాళ్లు తాగే మంచినీరు ఎక్కడిది?

తీరంలో ఇసుకను చేతులతో తవ్వి చెలమ తీస్తే, సముద్రానికి కూతవేటు దూరంలోనే ఒక్కొక్కచోట తియ్యని నీరు ఊరుతుంది. ఇది మాయ కాదు. వాననీరు ఇసుకలో ఇంకి కిందికి దిగుతుంది. ఆ కింద సముద్రపు ఉప్పునీరు ఉంటుంది. ఉప్పునీరు బరువు, వాననీరు తేలిక. ఇసుకలో నీటికి పెద్దగా కదలిక ఉండదు గనుక రెండూ త్వరగా కలిసిపోవు. అందుచేత, మజ్జిగ మీద వెన్న తేలినట్టు, ఉప్పునీటి మీద మంచినీరు తేలుతూ ఉంటుంది.

ఇందులో ఒక వింత లెక్క ఉన్నది. సముద్రమట్టంకంటె పైన మంచినీరు ఒక సెంటీమీటరు ఎత్తున నిలిస్తే, ఆ మట్టానికి కింద సుమారు 40 సెంటీమీటర్ల లోతువరకు మంచినీరే ఉంటుంది. 10 సెంటీమీటర్లు నిలిస్తే 4 మీటర్ల లోతు. వినడానికి బాగున్నది గదా! కాని దీనినే తిరగవేయండి. మోటారు పెట్టి తోడి తోడి పైమట్టాన్ని ఒక్క సెంటీమీటరు దించితే, కాలక్రమాన కిందనుంచి ఉప్పునీరు 40 సెంటీమీటర్లు పైకి వస్తుంది. ఒకసారి ఉప్పెక్కిన బావి మళ్లీ తియ్యబడాలంటే ఏళ్లు పట్టవచ్చు.

ఈ సంగతిని మీ ఇంట్లోనే చూడవచ్చు. నేను బడిలో పిల్లలచేత చేయించేవాణ్ణి. ఒక గాజుగ్లాసులో సగందాకా నీరు పోసి, నాలుగు చెంచాల ఉప్పు కరిగించి, రెండు చుక్కల సిరా వేయండి. ఆ నీటి మీద ఒక చెంచా ఆనించి, దాని మీదుగా మంచినీటిని మెల్లగా జారవిడవండి. రంగునీరు కింద, తెల్లనీరు పైన నిలుస్తాయి. ఇప్పుడు బొప్పాయి ఆకు కాడను గొట్టంలా తెల్లనీటిలో ముంచి, మెల్లగా పీల్చి చూడండి. తెల్లనీరే వస్తుంది. తరువాత గట్టిగా పీల్చండి. కింది రంగు తోకలాగా పైకి ఎగబ్రాకుతుంది. చెలమకూ బోరుబావికీ ఉన్న తేడా ఇదే. (ఆ నీటిని మింగకండేం!)

ఇక ఒక చిన్న లెక్క. తీరంలో ఒక విడిది ఉన్నదనుకోండి. 20 గదులు. గదికి నలుగురు. ఒక్కొక్కరు రోజుకు 10 బకెట్ల నీరు వాడితే, బకెట్టుకు 15 లీటర్ల చొప్పున మొత్తం ఎంత? 12,000 లీటర్లు. అదే ఒక్కొక్కరు 3 బకెట్లతో సరిపెట్టుకుంటే 3,600 లీటర్లు. తక్కిన 8,400 లీటర్లు ఇసుకలోనే ఉంటాయి.

నెల్లూరు తీరంలో వానలు ముఖ్యంగా అక్టోబరునుంచి డిసెంబరువరకు పడతాయి. ఆ వానలతో నిండిన నీరు వేసవినాటికి అడుగంటుతుంది. సరిగ్గా అప్పుడే మనం సెలవులకు బయలుదేరుతాం! నీరు అన్నిటికంటె తక్కువ ఉన్న నెలల్లోనే చుట్టాలు ఎక్కువగా వస్తారన్నమాట. సముద్రపు పోటు గీటుకు 200 మీటర్ల లోపల భూగర్భజలం తోడరాదని తీరపు విడుదులకు 1991లోనే కేంద్రప్రభుత్వం నిబంధన పెట్టింది. ఎందుకో మీకిప్పుడు అర్థమైంది గదా!

అందుచేత తీరానికి పోయేటప్పుడు తాగేనీరు ఇంటినుంచే కూజాలో పట్టుకుపోండి. సముద్రంలో ఆడి వచ్చాక ఒంటి ఇసుకను ముందు గుడ్డతో దులుపుకుని, తరువాత ఒక్క బకెట్టుతో స్నానం ముగించండి. రాత్రిపూట సముద్రంవైపు దీపాలు వెలిగించకండి. ఎందుచేతనంటే, ఆలివ్ రిడ్లీ అనే తాబేళ్లు ఈ తీరపు ఇసుకలో గుడ్లు పెడతాయి. గుడ్లలోనుంచి వచ్చిన పిల్లలు వెలుతురు ఎటు ఉంటే అటు సముద్రమనుకుని ప్రాకుతాయి. మన దీపం వాటికి దారి తప్పిస్తుంది.

ఏప్రిల్ 15నుంచి జూన్ 14వరకు తూర్పుతీరంలో మరపడవలు వేటకు పోరాదు. అవి చేపలు గుడ్లు పెట్టే రోజులు. కనుక సెలవుల్లో మీరు వెళ్లేసరికి పడవలు ఒడ్డునే ఉంటాయి, జాలరులు వలలు బాగుచేసుకుంటూ కనిపిస్తారు. కూర్చుని వాళ్లతో మాట్లాడండి. ఏ చోట అలలు లోపలికి లాగుతాయో వాళ్లకు తెలుసు. వాళ్లు దిగవద్దన్నచోట దిగకండి. దిగినా మోకాటి లోతు దాటకండి. పక్కన పెద్దలు లేకుండా అసలే దిగకండి.

ఇంకొక పని కూడా చేయండి. మీరు బస చేసిన ఇంటి పెద్దను, "మీ బావి నీరు ఏ నెలలో ఉప్పనవుతుంది? మీ చిన్నతనంలో కూడా ఇలాగే అయ్యేదా?" అని అడగండి. వారు చెప్పినది తేదీ వేసి పుస్తకంలో వ్రాసుకోండి. తాడుకు రాయి కట్టి, బావి గట్టునుంచి నీరు ఎంత లోతున ఉన్నదో కొలిచి, అది కూడా వ్రాయండి. దీపావళి వానలు పడ్డాక మళ్లీ అదే బావిని కొలవమని అక్కడి స్నేహితులకు ఉత్తరం వ్రాయండి. ఆ రెండు అంకెలూ పక్కపక్కన వేసి చూస్తే, ఆ ఇసుక కింద ఒక్క వానాకాలంలో ఎంత మంచినీరు చేరిందో మీకే తెలుస్తుంది.