పదకొండు మంది వస్తరా?

ఊరి నుంచి ఎవరైనా హాస్టల్‌కు తిరిగి వస్తే ముందు సంచి చూస్తాం. ఇప్పపువ్వు లడ్డూలు ఉన్నాయా, అమ్మ కట్టిచ్చిన జొన్నరొట్టెలు ఏమన్నా మిగిలాయా అని. పొలాల పండగ అయిపోయి వానలు వెనకపట్టే రోజుల్లో మాత్రం సంచి జోలికి ఎవరమూ పోము. "గోలీ వచ్చిండా?" అన్నదే మొదటి మాట.

గోలీ అంటే మా కాలేజీ ఫుట్‌బాల్ జట్టు గోల్‌కీపర్. కెరమెరి గుట్టల్లోని కొలాం గూడెం పిలగాడు. మేము ఆడేవాళ్ళం కాదు, గీత బయట నిలబడి అరిచేవాళ్ళం. పాతబస్తీలో ఒక చిన్న కాలేజీలో చదువుకునే గోండు, కొలాం, కోయ, నాయకపోడు, లంబాడా పిల్లలం ఇరవై మంది దాకా ఉంటాం. కాలేజీలో మా జట్టుకు ఇంకెవరైనా అభిమానులు ఉన్నారా అంటే, పాతబస్తీ పిల్లలు పది మంది, క్యాంటీన్‌లో చాయ్ పోసే తాత. అంతే. ఈ ముప్పై మందిమే ఏడాది పొడుగునా ఆ రెండు మ్యాచుల కోసం ఎదురుచూస్తాం.

రెండు మ్యాచులని తక్కువ చేసి చెప్పడం కాదు. ఉస్మానియా యూనివర్సిటీ కింది కాలేజీల మధ్య ఏటా పోటీలు జరుగుతాయి. మా వంటి చిన్న కాలేజీకి సీజన్ అంటే ఒక మ్యాచ్, దేవుడు కరుణిస్తే రెండు. మూడోది మేము ఇంతవరకు చూడలేదు. అయినా తేదీలు రాకముందే నోటీసు బోర్డు దగ్గర ఆగి చూడటం మొదలవుతుంది. పీడీ సారు గది కిటికీలోంచి కొత్త బంతులు వచ్చాయేమోనని తొంగి చూస్తాం. ఫస్టియర్‌లో కొత్తగా చేరిన వాళ్ళ నడక చూసి "వీడు ఆడతడు" అని పందెం కడతాం. నడక చూసి ఆట చెప్పడంలో మేము చాలాసార్లు ఓడిపోయాం.

పోయిన ఏడాది సంగతి చెప్పకుండా ఈ ఏడాది ఎదురుచూపు అర్థం కాదు. ఫుట్‌బాల్ నియమాల ప్రకారం జట్టులో కనీసం ఏడుగురు లేకపోతే ఆట మొదలుపెట్టరు. పోయినసారి మొదటి మ్యాచ్ రోజు మా వాళ్ళు ఆరుగురే వచ్చారు. పద్నాలుగు పేర్లు రాసిన కాగితం ఉంది, జెర్సీలు ఉన్నాయి, మేము ముప్పై మందిమీ ఉన్నాం. మనుషులే లేరు. అవతలి జట్టు వాళ్ళు బంతి ఆడుకుంటూ నిలబడ్డారు. రిఫరీ వాచీ చూసుకున్నాడు. గీత బయట ఉన్న మాలో ఒకడు చొక్కా విప్పి "నేను దిగుతా సార్" అన్నాడు. వాడి పేరు కాగితంలో లేదు, ఒప్పుకోలేదు. బంతి తన్నకుండానే ఓడిపోయి సిటీ బస్సెక్కాం. బస్సులో ఎవరమూ మాట్లాడలేదు.

రాని ఎనిమిది మందిలో ముగ్గురు పాతబస్తీ పిల్లలు. ఇద్దరు దుకాణాల్లో పని మానుకోలేక, ఒకడు ఇంట్లో పెళ్ళి ఉండి రాలేదు. మిగతా ఐదుగురూ మావాళ్ళే. మా సీజన్ ఎప్పుడు వస్తుందో చూడండి. దీపావళికి ముందు దండారి. గుస్సాడీ వేషం కట్టాల్సిన పిలగాడు మ్యాచ్ ఉందని ఊరికి పోకుండా ఉంటాడా? ఉండకూడదనే మేమూ అంటాం. దండారి దాటిందో లేదో పత్తి ఏరుడు. కూలీలు దొరకరు, దొరికినా ఇచ్చే డబ్బులుండవు, పట్నంలో చదివే కొడుకు రెండు చేతులు కావాలి. ఇవి రెండూ మాకు తెలిసిన కారణాలే. మూడోది కోపం తెప్పించేది. ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బులు ఇంకా రాలేదని, బాకీ కట్టేదాకా ఇద్దరి పేర్లు జాబితాలో పెట్టనన్నారు ఆఫీసులో. బాకీ ఆ పిల్లలది కాదు. మ్యాచ్ మాత్రం వాళ్ళదే పోయింది.

ఆ సాయంత్రం మదీనా దగ్గరి ఇరానీ హోటల్‌లో మా మొఖాలు చూసి, గల్లా దగ్గర కూర్చునే పెద్దాయన సంగతి అడిగాడు. చెప్పాం. "ఛే మియా" అని నవ్వి, ఉస్మానియా బిస్కెట్లు ఒక ప్లేటు ఊరికే పెట్టించి రహీం సాబ్ గురించి చెప్పడం మొదలుపెట్టాడు. అంతకుముందు మాకు ఆయన ఎవరో తెలియదు. అజయ్ దేవగన్ 'మైదాన్' సినిమా 2024లో వచ్చింది, పాటలు ఫోన్లో చూశాం. ఆ సినిమా మనిషి మేము రోజూ నడిచే దారిలోనే నడిచాడని తెలియదు.

సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులు. నయాపూల్ దాటగానే మూసీ ఒడ్డున హైకోర్టు పక్కన కనిపిస్తుందే సిటీ కాలేజీ, ఆ కాలేజీ విద్యార్థులూ పాత విద్యార్థులూ కలిసి కట్టుకున్న 'ఎలెవన్ హంటర్స్' జట్టులో ఆడినవాడు. అంటే ఆయనదీ కాలేజీ జట్టే. 1950లో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టును చేతిలోకి తీసుకున్నాడు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. భారత జట్టుకు ఆయన కోచ్‌గా ఉన్నప్పుడే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనం నాలుగో స్థానంలో నిలిచాం. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చుకున్నాం. ఆ తర్వాత ఏడాది తిరగకుండానే, 1963 జూన్‌లో ఆయన పోయాడు.

ఈ పతకాల కంటే పెద్దాయన చెప్పిన చిన్న సంగతులే మాకు ఎక్కువ పట్టుకున్నాయి. బంతిని కాళ్ళ దగ్గర అట్టే పెట్టుకోకుండా వెంటనే పక్కవాడికి అందించాలని, డ్రిబ్లింగ్ చేయకూడదనే షరతుతో రహీం సాబ్ పోటీలు పెట్టేవాడట. బలం లేని కాలితోనే తన్నాలని ఇంకో పోటీ. సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడ పేద పిలగాడు తులసీదాస్ బలరాంకు ప్రాక్టీసుకు వచ్చే దారి ఖర్చులు లేకపోతే, అద్దె సైకిల్‌కు రోజుకు ఒక రూపాయి తన జేబులోంచి ఇచ్చాడట. ఆ బలరాం రెండు ఒలింపిక్స్ ఆడాడు. 1960 రోమ్‌లో హంగరీ మీద గోల్ కొట్టాడు. సైకిల్ రూపాయి మాట విన్నాక మాలో ఒకడు లెక్క వేశాడు. కెరమెరి నుంచి హైదరాబాద్‌కు బస్సు చార్జీ ముప్పై మందిమి పంచుకుంటే మనిషికి ఎంత పడుతుందని. చాయ్, బిస్కెట్ కంటే ఎక్కువ పడదు.

ఇంకో సంగతి మమ్మల్ని నవ్వించింది. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మన వాళ్ళు చాలామంది బూట్లు లేకుండానే ఫ్రాన్స్‌తో ఆడి 2-1తో ఓడారు. 1952లో హెల్సింకి చలిలో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడాకగానీ బూట్లు తప్పనిసరి కాలేదు. మా ఆశ్రమ పాఠశాలలో మేమూ ఉత్త కాళ్ళతోనే ఆడాం. బంతి లేనప్పుడు పాత గుడ్డలు చుట్టి, సుతిలి కట్టి ఆడాం. మా గోలీ మొదటిసారి బూట్లు వేసుకున్న రోజు ఎద్దు బురదలో నడిచినట్టు నడిచాడు. రెండో వారానికి బొబ్బలు మానిపోయాయి. బొబ్బలు మానేదాకా వాడికి నూనె రాసినవాడు బార్కస్ నుంచి వచ్చే మా జట్టు ఫార్వర్డ్.

బార్కస్ గురించి చెప్పాలి. నిజాం కాలంలో అరబ్బు సిపాయిల బారకాసులు ఉండేవి కాబట్టి ఆ పేరు. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన వాళ్ళ మనవలు, మునిమనవలు ఇప్పటికీ అక్కడే ఉన్నారు. జామపండ్లకూ హరీస్‌కూ పేరు, ఫుట్‌బాల్‌కు అంతకంటే పేరు. మ్యాచ్‌లు లేని నెలల్లో మా ఆకలి తీరేది అక్కడే. ఆదివారం పొద్దున మా ఫార్వర్డ్ వెంట పోతే, లుంగీలు కట్టుకున్న పెద్దమనుషులు గ్రౌండ్ చుట్టూ కూర్చుని చిన్నపిల్లల ఆటను కూడా ఒలింపిక్స్ ఫైనల్ చూసినట్టు చూస్తుంటారు. తప్పు పాస్ ఇస్తే తిడతారు, మంచి పాస్ ఇస్తే వాడి తాత పేరు చెప్పి మెచ్చుకుంటారు. మొదటిసారి పోయినప్పుడు మమ్మల్ని ఎవరని అడిగారు. జంగల్ నుంచి వచ్చినోళ్ళం అన్నాం. "మా ముత్తాతలు సముందర్ దాటి వచ్చిండ్రు, మీరు ఇక్కడోళ్ళే కదా, కూసోండి" అన్నాడు ఒకాయన. పట్నంలో మమ్మల్ని ఇక్కడోళ్ళు అన్నది ఆయనొక్కడే.

మా జట్టుకు ఒక రహస్యం ఉంది. వెనక ఆడే ఇద్దరూ గోండు పిల్లలు. ఎవడు వెనక నుంచి వస్తున్నాడో, బంతి ఎటు వదలాలో గోండిలో అరుచుకుంటారు. అవతలి జట్టుకు ఒక్క ముక్క అర్థం కాదు. ఒక సీజన్ గడిచేసరికి బార్కస్ పిలగాడికీ, శాలిబండ పిలగాడికీ కూడా ఆ పది మాటలు వచ్చేశాయి. కోపం వస్తే గోండిలోనే తిడుతున్నారు, అది వేరే సంగతి. లంబాడా తమ్ముడొకడు మిడ్‌ఫీల్డ్‌లో ఉంటాడు. 2017లో మా ఆదిలాబాద్‌లో ఆదివాసులకూ లంబాడాలకూ మధ్య ఎంత దూరం పెరిగిందో మీకు తెలుసు. ఇంటికి పోతే మా ఇంట్లోనూ ఆ మాటలు వస్తాయి, మా దగ్గర వాటికి జవాబులున్నాయని చెప్పలేం. వాడు బంతి తీసుకుని లేచినప్పుడు మాత్రం గోండు అన్నలు "భియా, పో పో" అని గొంతు పోయేలా అరుస్తారు. భియా అనే మాట వాళ్ళకు వాడి దగ్గరే వచ్చింది.

2022 మార్చిలో హైదరాబాద్ ఎఫ్‌సీ కేరళ జట్టును పెనాల్టీల్లో ఓడించి ఐఎస్ఎల్ గెలిచినప్పుడు హాస్టల్ మొత్తం ఒకే ఫోన్ చుట్టూ చేరింది. ఇప్పుడు ఆ క్లబ్బు పేరు మార్చుకుని ఢిల్లీకి పోయింది. బాధపడ్డాం, నిజమే. కానీ గచ్చిబౌలి మాకు ఎప్పుడూ దూరమే. మా పద్నాలుగు మందిలో ఎవడు పొద్దున టిఫిన్ తినలేదో మాకు తెలుసు.

అమ్మాయిల హాస్టల్‌లో గుగులోత్ సౌమ్య ఫొటో ఉంది. నిజామాబాద్ జిల్లా బిడ్డ, భారత జట్టులో ఫార్వర్డ్, 2022లో క్రొయేషియాకు పోయి డినామో జాగ్రెబ్‌కు ఆడింది. ఆ ఫొటో చూసే ఈసారి మా చెల్లెళ్ళు ఏడుగురు పీడీ సారు దగ్గరికి పోయి, మాకు జట్టు ఎప్పుడు సార్ అని అడిగారు. ఏడుగురు ఉన్నారు కదా, మొదలుపెట్టొచ్చు అన్నాడు సారు నవ్వుతూ. వాళ్ళు నవ్వలేదు. మర్నాడు పొద్దున ఆరు గంటలకు గ్రౌండ్‌లో ఉన్నారు.

ఈ ఏడాది మేము కొన్ని పనులు ముందే చేశాం. ఫీజు బాకీ ఉన్న వాళ్ళ కాగితాలు పట్టుకుని జులైలోనే ఆఫీసు చుట్టూ తిరిగాం. ఇద్దరి పేర్లు జాబితాలో ఎక్కాయి, ఒకడిది ఇంకా ఎక్కలేదు. గుస్సాడీ కట్టేవాడి స్థానంలో ఆడటానికి ఒక ఫస్టియర్ పిలగాణ్ణి తయారు చేస్తున్నారు. ఈసారి పందెం మేమే గెలిచాం, నడక చూసి చెప్పింది మేమే. ఆశ్రమ పాఠశాలల్లో పనిచేసే సార్లకూ మేడమ్‌లకూ ఒక మనవి. ఇంటర్ అయి పట్నం పంపే పిల్లల చేతికి టీసీతో పాటు ఆటల సర్టిఫికెట్లు కూడా వెతికి ఇచ్చి పంపండి. వాటి కోసం చదువు మధ్యలో ఊరికి పోయి వచ్చేసరికి ఇక్కడ జాబితా కట్టేస్తున్నారు.

గోలీ ఇంకా రాలేదు. నిన్న రాత్రి సిగ్నల్ కోసం గుట్ట ఎక్కి ఫోన్ చేశాడు. నాయినకు జ్వరం, మొదటి ఏరుడు అయ్యేదాకా కష్టం అన్నాడు. మేము రమ్మనలేదు. మ్యాచ్ ఎప్పుడని వాడే అడిగాడు. తేదీ ఇంకా పడలేదని చెప్పాం. కాసేపు ఊరకుండి, "నా గ్లౌజులు పెట్టెల ఉన్నయి, బూజు పడుతది, ఎండల వెయ్యుండ్రి" అన్నాడు.

పొద్దున లేవగానే మిద్దె మీద తీగకు వేశాం. చార్జీ డబ్బులు సగం దాకా పోగయ్యాయి. జాబితాలో ఒకటో నంబరు ఎదురుగా పీడీ సారు పేరు రాయకుండా ఖాళీ వదిలాడు. శనివారం దాకా ఆగుతానన్నాడు.