సారథి

పెద్దమనిషి కడుపున పుట్టడమంత సుఖమైన ఉద్యోగం లోకంలో ఇంకొకటి లేదని చాలామంది అనుకుంటారు. నాకెందుకో అంత కష్టమైన ఉద్యోగం లేదనిపిస్తుంది. మామూలు వాళ్ళ పిల్లాడు బి.ఏ. తప్పితే వీధిలో నలుగురికి తెలుస్తుంది. నాయకుడి కొడుకు తప్పితే పేపర్లో పడుతుంది. పోనీ పాసయ్యాడే అనుకోండి, "ఆయనగారి కొడుకు కదా, పాసవక ఏం చేస్తాడు?" అంటారు. ఓడితే వాడి తప్పు, గెలిస్తే తండ్రి గొప్ప. ఈ లెక్కలో కొడుకు వాటాకి వచ్చేదేమిటో నాకెప్పుడూ బోధపడదు.

బంజారా హిల్స్‌లో ఆటో ఎక్కినప్పుడల్లా ఈ ఆలోచన వస్తుంది. ఇక్కడి రోడ్లకి పేర్లకంటే నంబర్లే ముఖ్యం. ఆ నంబర్ల మధ్య ఒక కుటుంబం కథ పరుచుకుని ఉంది. రెండో నంబరు రోడ్డులో ఎన్టీఆర్ భవన్. 1996 జనవరి 18న ఎన్టీ రామారావుగారు కన్నుమూసిన ఇల్లూ ఈ బంజారా హిల్స్‌లోదే. 1985లో క్యాన్సర్‌తో పోయిన ఆయన ఇల్లాలు బసవతారకంగారి పేరిట 2000లో తెరిచిన ఆస్పత్రీ ఇక్కడిదే. తండ్రికి, తల్లికి, పార్టీకి ఈ కొండల మీద గుర్తులున్నాయి. ఆ ఇంటి కొడుకుల్లో ఒకాయన్ని తలుచుకుంటే మాత్రం నాకు ఏ భవనమూ కళ్ళముందుకి రాదు. రోడ్డే కనిపిస్తుంది. ఆయన నందమూరి హరికృష్ణగారు.

నేను నవలలు రాసుకునేదాన్ని. ఆయన జీవితాన్ని ఉన్నదున్నట్టుగా నవలగా రాసి పంపానంటే ఏ ఎడిటరుగారైనా, "ఒక్క పాత్రకి ఇన్ని ఉద్యోగాలేమిటమ్మా, నమ్మేలా లేదు" అని తిప్పి పంపుతారు. చూడండి మరి. 1956లో నిమ్మకూరులో పుట్టాడు. పదకొండేళ్ళ వయసుకే 1967లో 'శ్రీకృష్ణావతారం'లో బాలకృష్ణుడి వేషం కట్టాడు. 'తల్లా పెళ్ళామా', 'తాతమ్మ కల' అయ్యాక 1977లో 'దానవీరశూరకర్ణ'లో అర్జునుడయ్యాడు. తండ్రేమో అదే సినిమాలో కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు. మూడు వేషాలూ ఆయనవే, దర్శకత్వమూ ఆయనదే. భారతంలో బరువైన పాత్రలన్నీ నాన్నగారే తీసుకున్నాక కొడుకుకి ఏం మిగులుతుంది చెప్పండి? పైగా ఆ అర్జునుడికి సారథి కూడా నాన్నే!

ఐదేళ్ళు తిరిగేసరికి ఆ వరస తిరగబడింది. 1982 మార్చి 29న రామారావుగారు తెలుగుదేశం పెట్టారు. పాత షెవర్లే వ్యాను ఒకటి బాగుచేయించి, పైన నిలబడి మాట్లాడే ఏర్పాటు చేసి, చైతన్యరథమన్నారు. ఆ రథం స్టీరింగు పట్టింది హరికృష్ణగారు. సినిమాలో తండ్రి సారథి, కొడుకు వీరుడు. రోడ్డెక్కాక తండ్రి వీరుడు, కొడుకు సారథి.

అప్పటికి నేను ఉయ్యాల్లో ఉన్నాను. చూసింది మా అమ్మ. సాయంత్రం వస్తుందన్న రథం మా ఊరికి అర్ధరాత్రి దాటాక వచ్చిందట. ఊరంతా మెడలు నొప్పెట్టేలా పైకి చూస్తుంటే, మా అమ్మ కిందకి చూసిందట. "ఎర్రగా నలిగిపోయిన కళ్ళతో ఆ కుర్రాడు స్టీరింగు వదలకుండా కూర్చునే ఉన్నాడే. పైన ఆయనకి దండలు వేశారు, హారతులిచ్చారు. కింద వాడికి గ్లాసుడు మంచినీళ్ళయినా ఎవరన్నా ఇచ్చారో లేదో!" అనేది. ఉపన్యాసంలో ఒక్క ముక్క ఆవిడకి గుర్తు లేదు. ఇది మాత్రం ఏళ్ళ తరబడి చెప్పింది. రాజకీయం తెలిసినవాళ్ళు నవ్వుతారు గాని, ఎవరి ఆకలి ఎవరు చూశారన్నది మా ఆడవాళ్ళ రాజకీయం.

1983 జనవరిలో ఎన్నికలయ్యాయి. తొమ్మిది నెలల పార్టీ రెండు వందలకు పైగా సీట్లు గెలిచింది. ఆ రథం తిరిగిన దారులన్నీ హరికృష్ణగారి చేతుల మీదుగా వెళ్ళినవే. కాని ఏ ఊరు వెళ్ళాలో, ఎక్కడ ఆగాలో, ఎంతసేపు ఆగాలో నిర్ణయించేది పైనున్నాయన. చక్రం చేతిలో ఉంటుంది, దారి మాత్రం మనది కాదు. నాయకుల పిల్లల బతుకంతా ఆ ఒక్క ముక్కలో ఉందేమో!

ఆయన తన దారి తాను చూసుకున్నది 1995 ఆగస్టులో. 1993లో రామారావుగారు లక్ష్మీపార్వతిగారిని పెళ్ళాడాక ఇంట్లో మొదలైన పొరపొచ్చాలు పార్టీని చీల్చినప్పుడు, రథం తోలిన కొడుకు బావ చంద్రబాబునాయుడుగారి పక్షాన నిలబడ్డాడు. తండ్రి గద్దె దిగాడు. నెలల్లోనే కన్నుమూశాడు. ఇది తప్పా, ఒప్పా అని ఇప్పటికీ పెళ్ళిభోజనాల దగ్గర వాదించుకునేవాళ్ళున్నారు. ఆ తీర్పు నేను చెప్పను. ఒక్కటి మాత్రం తెలుసు. తండ్రీకొడుకుల మాటపట్టింపు మామూలు ఇంట్లో అయితే ఓ పండక్కి సర్దుకుంటుంది. ఇక్కడ సర్దుకునేలోపే తండ్రి లేకుండా పోయాడు. ఆ కొడుక్కి ఆ తర్వాత సంక్రాంతి ఎలా గడిచేదో ఊహించగలను గాని రాయలేను.

బావగారి ప్రభుత్వంలో ఆయనకిచ్చింది రవాణాశాఖ. బండి తోలిన చేతికి బళ్ళ శాఖే ఇచ్చారని నవ్వుకోవచ్చు. 1996లో తండ్రి స్థానమైన హిందూపురం నుంచి ఉపఎన్నికలో గెలిచారు. మూడేళ్ళు తిరక్కుండానే బావతోనూ చెడింది. 1999లో 'అన్న తెలుగుదేశం' అని సొంత పార్టీ పెట్టారు. తండ్రి తొమ్మిది నెలల్లో చేసింది కొడుకుకి కుదర్లేదు. ఒక్క సీటూ రాలేదు. అన్న పేరు పెట్టుకోవచ్చుగాని, అన్న కోసం అర్ధరాత్రిదాకా కాచుకున్న జనాన్ని తెచ్చుకోలేం కదా!

ఆ రోజుల్లో ఆయన చేసిన ఇంకో పని నాకు భలే నచ్చుతుంది. మళ్ళీ ముఖానికి రంగేసుకున్నారు. 1998లో 'శ్రీరాములయ్య', 1999లో 'సీతారామరాజు', 2002లో 'లాహిరి లాహిరి లాహిరిలో', 2003లో 'సీతయ్య'. నలభై ఏడేళ్ళకి హీరో! మగవాడు గనక చెల్లింది లెండి. అదే వయసులో హీరోయిన్‌కి మన ఫిల్మ్‌నగర్ వాళ్ళు తల్లి వేషం తప్ప ఇంకోటి చూపించరు. ఏమాటకామాటే చెప్పాలి. ఎవరినీ లక్ష్యపెట్టని ఆ సీతయ్యలో జనం చూసింది తండ్రిని కాదు, ఆయన్నే. అన్ని ఉద్యోగాల్లోనూ అదొక్కటే పూర్తిగా ఆయన సొంతమని నా లెక్క.

ఆయన చెల్లెలు పురందేశ్వరిగారిది ఇంకో దారి. 2004లో కాంగ్రెస్ తరఫున బాపట్లలో గెలిచి కేంద్రంలో మంత్రయ్యారు. 2014లో భాజపాలో చేరి, 2024లో రాజమండ్రి ఎంపీ అయ్యారు. తండ్రి ఎదిరించిన పార్టీలోనే కూతురు పదవి పొందింది. ఒకే ఇంటి పిల్లలు ఇన్ని జెండాల కింద నిలబడటం చూస్తే, తండ్రి నీడ ఎంత పెద్దదైతే పిల్లలు ఎండ కోసం అంత దూరం నడవాల్సి వస్తుందేమోననిపిస్తుంది.

హరికృష్ణగారు తిరిగి సొంత గూటికే చేరారు. 2008లో రాజ్యసభకి వెళ్ళారు. 2013లో రాష్ట్ర విభజన వద్దంటూ సభ్యత్వం వదులుకున్నారు. ఆ రోజుల్లోనే సభలో తెలుగులోనే మాట్లాడతానని పట్టుబట్టారు. ఇంత జరిగినా, 2018 ఆగస్టు 30న జూబ్లీహిల్స్ మహాప్రస్థానంలో ఆయనకి అధికార లాంఛనాలతో అంత్యక్రియలు చేయించింది తెలంగాణ ప్రభుత్వమే. మన జనం పోట్లాటలకి హద్దుందని నాకు ధైర్యం కలిగేది ఇలాంటప్పుడే.

ఇక ఆ ముందురోజు సంగతి. 2014 డిసెంబరులో పెద్దకొడుకు జానకిరామ్ నల్గొండ జిల్లాలో కారు ప్రమాదంలో పోయాడు. ఆ తర్వాత ఆ ఇంటి హీరోల సినిమాల్లో, జాగ్రత్తగా నడపండని అభిమానుల్ని బతిమాలుతూ తెరమీద విన్నపం వేశారు. నాలుగేళ్ళు తిరక్కుండా, 2018 ఆగస్టు 29 తెల్లవారాక, అదే జిల్లాలో తండ్రీ పోయాడు. కావలిలో ఒక అభిమాని ఇంట పెళ్ళికి తనే కారు నడుపుకుంటూ బయల్దేరారు. బెల్టు పెట్టుకోలేదన్నారు.

అభిమాని ఇంటి పెళ్ళికి మనిషి చేత పూలగుత్తి పంపి ఊరుకునే పెద్దలున్న ఈ రోజుల్లో, అరవై దాటిన మనిషి చీకటితో లేచి తనే తోలుకుంటూ వెళ్ళడం చిన్న మర్యాద కాదు. రథం నాడు నాన్న చెప్పిన ఊరికి వెళ్ళాడు. ఆ రోజు తనని పిలిచినవాళ్ళ ఊరికి వెళుతున్నాడు. చక్రమూ ఆయనదే, దారీ ఆయనదే. అరచేతి వెడల్పున్న పట్టీ ఒక్కటి భుజం మీదుగా లాక్కుని ఉంటే ఎంత బావుండేది!

మా ఇంట్లో కారు తాళాలు తీసినవాళ్ళెవరైనా సరే, నేను గుమ్మం దిగి వెళ్ళి, బెల్టు బిగిసిన చప్పుడు విన్నాకే గేటు తీస్తాను. చాదస్తం అంటారు. అననివ్వండి. దాంతోపాటు ఓ సీసాడు మంచినీళ్ళు కూడా చేతికిస్తాను. ఆ రెండోది మా అమ్మ ఖాతా.